మొదటి గుండే లెక్క

నాలుగు తెల్లటి వెంట్రుకలు, వేలిగోరంత ఎముక ముక్క, ఎండుటాకుల మీద అక్కడొకటి ఇక్కడొకటి నెత్తుటి చుక్కలు... 2017 నవంబరు ఆఖరి వారంలో నా మొదటి జింక వేటలో మిగిలినవి ఇవే. ఆ రాత్రి పదింటి దాకా టార్చిలైటు వేసుకుని వెతికాను. మర్నాడు తెల్లారకముందే మళ్లీ వెళ్లాను. చుక్కలు వాగు దాకా ఉన్నాయి. వాగు అవతల ఏమీ లేవు. ఆ జింక ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు.

అంతకు నెల రోజుల ముందు అదే తుపాకీతో, అదే రకం తూటాలతో వంద గజాల దూరంలో కాగితం మీద మూడుసార్లు కాల్చాను. అగ్గిపెట్టె పెడితే మూడు చిల్లులూ కనపడవు. అంత దగ్గరగా పడ్డాయి! ఫోటో తీసి స్నేహితులందరికీ పంపుకున్నాను. తుపాకీకి గురి ఉంది, తూటాకు గురి ఉంది. మరి జింక కాలు ఎందుకు విరిగింది? జవాబు దొరకడానికి నాకు ఏడాది పట్టింది.

ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో. 'జింకను చంపడమేమిటయ్యా' అని మీరు అనుకుంటూ ఉంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలా ఉండటమే న్యాయం కూడా. అక్కడి సంగతి వేరు. 20వ శతాబ్దం మొదట్లో ఒహాయోలో తెల్లతోక జింక దాదాపు కనుమరుగైపోయింది. తర్వాత రక్షణ దొరికింది, మళ్లీ పెరిగింది. కానీ వాటిని తినే తోడేళ్లు, కొండసింహాలు అప్పటికే లేకుండా పోయాయి. ఇటీవలి సీజన్లలో వేటగాళ్లు ఏటా రెండు లక్షలకు పైగా జింకల్ని కొడుతున్నారు. అయినా రోడ్ల మీద కార్లకు అడ్డంపడి చచ్చేవి వేలల్లో ఉంటాయి. మా పెరట్లో నా భార్య ప్రాణంగా పెంచుకున్న గోంగూర మడిని ఒక్క రాత్రిలో మొదళ్ల దాకా మేసిపోయిన ఘనత కూడా వాటిదే. (వేటకు వెళ్తానంటే ఆవిడ పెద్దగా అడ్డు చెప్పకపోవడానికి అదీ ఒక కారణం.) లైసెన్సుకు ముందు వేట పాఠాల కోర్సు పూర్తి చేయాలి. ఎవరి పొలంలో వేటాడతామో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నారింజరంగు చొక్కా వేసుకోవాలి. ఇవన్నీ చేశాను.

ఇక తుపాకీ. ఒహాయోలో చాలాకాలం జింక వేటకు రైఫిళ్లు ఒప్పుకునేవారు కాదు. ఊళ్లు, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. గురి తప్పిన గుండు మైళ్ల దూరం పోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో! 2014లో కొన్ని రకాలకు మాత్రం తలుపు తీశారు. తూటా ఇత్తడి గొట్టం సీసా మెడలా సన్నబడకుండా తిన్నగా ఉండాలి. అలాంటి తూటాల్లోంచి వచ్చే గుండు లావుగా, బరువుగా, కాస్త నెమ్మదిగా పోతుంది. ఎక్కువ దూరం వెళ్లదు. వాటిల్లో పాతకాపు .45-70. 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. గుండు లావు అంగుళంలో నూటికి 45 వంతులు, నల్లమందు 70 గ్రెయిన్లు. ఆ పేరుకు అర్థం అదే. నేను కొనుక్కున్నది ఆ తూటా పేల్చే మార్లిన్ 1895. సెకండ్‌హ్యాండ్‌ది. కింద లీవరు లాగి వదిలితే తూటా ఎక్కుతుంది. కౌబాయ్ సినిమాల్లో చూస్తామే, ఆ తరహా.

తూటా, గుండు అని వేరువేరుగా అంటున్నానని గమనించే ఉంటారు. తూటా అంటే మొత్తం సరుకు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన సీసపు ముక్క. ఆ సీసపు ముక్కే గుండు. ఎగిరేది అదొక్కటే. ఖాళీ ఇత్తడి గొట్టాన్ని మళ్లీ వాడుకోవచ్చు. కొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, మనకు నచ్చిన గుండు బిగించుకోవచ్చు. అమెరికాలో లక్షలాది మందికి ఇదొక వ్యసనం. కంపెనీ తూటాలు ఖరీదు కాబట్టి కొందరు చేస్తారు. .45-70 వాళ్లకు ఇంకో కారణం ఉంది. 1873 నాటి సైనిక తుపాకులు ఇప్పటికీ జనం దగ్గర ఉన్నాయి. వాటి ఉక్కు పాతది. అవి పగిలిపోకూడదని చాలా కంపెనీ తూటాల్లో మందు బలం తగ్గించి పెడతారు. గట్టి తుపాకీ ఉన్నవాడు తన తుపాకీకి తగ్గట్టు చేసుకోవాలంటే సొంతంగా చేసుకోవడమే దారి. అందుకే మందు లెక్కల పుస్తకాల్లో ఈ ఒక్క తూటాకే మూడు పట్టికలు ఉంటాయి. పాత సైనిక తుపాకీకి ఒకటి, నా మార్లిన్ లాంటి లీవరు తుపాకీలకు ఒకటి, అన్నిటికన్నా గట్టి తుపాకీలకు ఒకటి. పేజీ తప్పు చూస్తే మొహం మిగలదు.

ఈ విద్య నేర్పింది మా పక్కింటి పెద్దాయన. మిషన్ షాపులో లేతు పని చేసి రిటైరైనవాడు. ఆయన బేస్‌మెంటులో మైక్రోమీటర్లు, త్రాసులు, పచ్చరంగు ఇనప ప్రెస్సు అన్నీ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నట్టు పొందిగ్గా ఉంటాయి. గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. 7,000 గ్రెయిన్లయితే ఒక పౌను. మన కంసాలి లెక్కలో చెప్పాలంటే గురివింద గింజ ఒకటి దాదాపు రెండు గ్రెయిన్లు. నేను మొదటి ఏడాది ఎంచుకున్న గుండు 405 గ్రెయిన్లు. అంటే రెండుంపావు తులాలు! అరచేతిలో పెట్టుకుంటే చిన్న మాత్రలా కాదు, తూకపురాయిలా ఉంటుంది.

అది ఎందుకు ఎంచుకున్నానంటే... మూడు రకాలు కొని మూడేసి గుండ్లు కాలిస్తే ఆ 405 గ్రెయిన్లదే అగ్గిపెట్టె కింద దూరింది. మిగతావి సిగరెట్ పెట్టెంత వెడల్పున పడ్డాయి. ఇంకేం చూడాలి? పైగా 1873 నాటి అసలు గుండు బరువు కూడా అదే అని తెలిసి మురిసిపోయాను. పాత కంపెనీ తూటాలంత మెత్తగానే మందు పోశాను. భుజానికి సుఖంగా ఉందని.

వేట రోజు సాయంత్రం ఐదు కావస్తోంది. కొలంబస్ నుంచి గంట ప్రయాణం, హాకింగ్ కౌంటీలో పెద్దాయన తమ్ముడి పొలం. చిన్న లోయకు ఇటు గట్టున చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. అటు గట్టున జింక వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. వంద గజాలు ఉంటుందనుకున్నాను. ఛాతీ నడిమికి గురిపెట్టి మీట నొక్కాను. జింక కూలబడినట్టే అయి, లేచి, మూడు కాళ్ల మీద కుంటుతూ పొదల్లోకి పోయింది. ఆ కుంటడం నేను చూశాను.

ఇంటికొస్తే మా అమ్మాయి గుమ్మంలోనే ఉంది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. "దొరికిందా నాన్నా?" అంది. లేదన్నాను. "అయితే తగల్లేదా?" అంది. తగిలిందన్నాను. అది ఇంకేమీ అడగలేదు. ఏదైనా అడిగితే బాగుండనిపించింది.

ఆదివారం మార్కాపురం నుంచి అమ్మ ఫోను. దాచడం ఎందుకని చెప్పేశాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "చంపితే చంపావు... సగం చంపి వదిలేసి వస్తావంట్రా? కోడిని కోసేటప్పుడు కూడా కత్తి పదును చూసుకుంటాం గదరా!" అంది.

పదును చూసుకున్నాననే నా వాదన. పెద్దాయనతో అదే అన్నాను. గుండు సరిగ్గా విచ్చుకోలేదేమో, ఆ పెట్టెలో గుండ్లు తేడాగా ఉన్నాయేమో, గాలికి పక్కకు పోయిందేమో అని ఏవేవో చెప్పాను. ఆయన అన్నీ విని, దూరం కొలిచే లేజర్ యంత్రం జేబులో వేసుకుని నన్ను కారెక్కించాడు. నేను కూర్చున్న చెట్టు దగ్గర నిలబెట్టి, జింక నిలబడ్డ చోటు చూపించమన్నాడు. యంత్రంలో చూశాడు. నా చేతికిచ్చాడు.

162 గజాలు.

లోయకు అడ్డంగా చూసినప్పుడు దూరం దగ్గరగా కనిపిస్తుంది. మధ్యలో నేల కనపడదు కదా, కంటికి లెక్క అందదు. వంద గజాలకు సరిచేసి పెట్టిన ఆ బరువైన, నెమ్మది గుండు 160 గజాలకు పోయేసరికి పది అంగుళాలకు పైగా కిందకి దిగిపోతుంది. రెండొందల గజాలకయితే రెండడుగులు! ఛాతీ నడిమికి గురిపెడితే తగిలింది ముందుకాలికి. గుండు తప్పేమీ లేదు. దానికి చేతనైంది అది చక్కగా చేసింది. అది ఎక్కడికి పోతుందో తెలుసుకోకుండా వదిలింది నేను. గురివింద తన నలుపు ఎరగదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ చలికాలమంతా నేను తుపాకీ ముట్టలేదు. అమ్మేద్దామనుకున్నాను కూడా. మార్చిలో పెద్దాయనే పిలిచాడు. "మానేస్తే మానెయ్. మళ్లీ వెళ్తానంటే మాత్రం మొదటి నుంచి చేద్దాం" అన్నాడు.

మొదటి నుంచి అంటే నిజంగా మొదటి నుంచే. ముందు బారెల్ కొలతలు. మెత్తటి సీసపు ముక్కను బారెల్‌లోకి కడ్డీతో నెట్టి, అటువైపు బయటికి తీసి మైక్రోమీటరుతో కొలిచాడు. బారెల్ లోపలి గాడుల లోతు దాని మీద అచ్చు పడుతుంది. గుండు గాడులకు సరిగ్గా అతుక్కుని మెలితిరిగితేనే నిలకడగా పోతుంది. రాగి తొడుగు గుండ్లకు .458 అంగుళం సరిపోయింది. తను పాత టైర్ల తూకపు సీసం కరిగించి పోసుకునే గుండ్లయితే ఒక వెయ్యో వంతు లావుండాలట. లేకపోతే వేడి వాయువు సందుల్లోంచి జారి సీసాన్ని కరిగిస్తుందట.

తర్వాత ఇత్తడి గొట్టాల పొడవు. ఇది నేను అసలు పట్టించుకోని విషయం. మా తుపాకీలో తూటాలు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుని ఉంటాయి. ముందున్న తూటా ప్రైమరుకు వెనకున్న తూటా ముక్కు ఆనుతుంది. అందుకే సూదిముక్కు గుండ్లు వాడకూడదు. అదురుకు ప్రైమరు పేలితే చేతిలోనే ప్రమాదం. ముక్కు చదునుగా ఉండాలి. 2006 ప్రాంతంలో హోర్నడీ కంపెనీ రబ్బరులా మెత్తటి మొన ఉన్న గుండ్లు తెచ్చాక మొనదేరినవి కూడా ఈ తుపాకీల్లో వాడుకునే వీలొచ్చింది. మరో చిక్కు ఏమిటంటే, స్ప్రింగు ఒత్తిడికి, పేలినప్పటి అదురుకు గుండు గొట్టంలోకి కుంగిపోకూడదు. అందుకని గొట్టం అంచును గుండు మీది గాడిలోకి నొక్కి బిగించాలి. గొట్టాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే ఒకదానికి బిగువు ఎక్కువ, ఒకదానికి తక్కువ అవుతుంది. బిగువు మారితే వేగం మారుతుంది. వేగం మారితే గుండు పడే చోటు మారుతుంది. నా గొట్టాలన్నీ కొలిస్తే ఒక్కటీ ఇంకొకదానితో సరిపోలలేదు! రెండు సాయంత్రాలు కూర్చుని వంద గొట్టాల్ని ఒకే పొడవుకు కత్తిరించాను. తర్వాత కాల్చి చూస్తే సిగరెట్ పెట్టెంత వెడల్పున పడ్డ 300 గ్రెయిన్ల గుండే సగానికి సగం దగ్గరపడింది. అంతకుముందు నేను గుండ్లకు పరీక్ష పెట్టాననుకున్నాను. నిజానికి నా బద్ధకానికి పెట్టుకున్నాను.

ఇంకో పరీక్ష చేశాడు. అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. లీవరు తుపాకీ పట్టికలో చెప్పినట్టు మందు పోస్తే ఈ తూటాలు భుజాన్ని గట్టిగానే గుద్దుతాయి. ఆయన తుపాకీ తీసుకుని అటు తిరిగి, ఒక తూటా ఎక్కించి నాకిచ్చేవాడు. నేను కాల్చేవాణ్ని. మళ్లీ ఎక్కించేవాడు. నాలుగోసారి మీట నొక్కితే 'టిక్' మంది. అది ఉత్తుత్తి తూటా. మందూ లేదు, ప్రైమరూ లేదు. కానీ తుపాకీ మూతి ఒక్కసారిగా నేలవైపు కుంగింది. పేలకుండానే! దెబ్బ వస్తుందని నా ఒళ్లు ముందే బెదిరి తుపాకీని కిందికి నొక్కేసింది. కళ్లు కూడా మూసుకున్నానట. ఇలాంటివాడు ఏ గుండు మంచిదో తేలుస్తానని ఫోటోలు పంపాడు!

ఏప్రిల్, మే రెండు నెలలూ ఆ బెదురు పోగొట్టుకోవడానికే పట్టింది. .22 చిన్న తుపాకీతో వందల గుండ్లు కాల్చాను. తర్వాత పెద్దదానితో రోజుకు పది మించకుండా.

జూన్‌లో అసలు పని మొదలైంది. బల్ల మీద ఆరు పెట్టెలు. 300 గ్రెయిన్ల బోలుముక్కు గుండు, అంతే బరువున్న పూర్తి రాగి గుండు, 325 మెత్తటి మొన గుండు, 350 చదునుముక్కుది, 400ది, నా పాత 405. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు బారెల్ శుభ్రంగా తుడిచి, నాలుగైదు గుండ్లు ఊరికే కాల్చి, అప్పుడు లెక్కలోకి తీసుకునేవాళ్లం. వేగం కొలిచే యంత్రం పెట్టాం. మూడు గుండ్ల ముచ్చట్లు ఒప్పుకోలేదాయన. "మూడు దగ్గరగా పడటం అదృష్టం కూడా కావచ్చు" అని ఒక్కోదానికి పదేసి కాల్పించాడు. నా అగ్గిపెట్టె 405 పది కాల్చేసరికి అరచెయ్యంత అయింది. 400, 325 కూడా అంతే. మూడు వడపోతలో పోయాయి. 300 రెండు రకాలు, 350 ఒకటి మిగిలాయి. 300 బోలుముక్కుది అన్నిటికన్నా దగ్గరగా పడింది. నేనైతే అక్కడే ఆగిపోయేవాణ్ని.

ఆయన మాత్రం మూడు కొత్త కాగితాలు తీసి గోడకు తగిలించాడు. వారానికి ఒక్క రోజు పొలానికి వెళ్లడం. తుపాకీ రాత్రంతా చల్లగా ఉండాలి. వెళ్లగానే, ఏ వార్మప్పూ లేకుండా, బల్ల కూడా లేకుండా నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆన్చి ఒకే ఒక్క గుండు. కాగితం తీసేసి జాగ్రత్తగా ఇంటికి తేవడం. వచ్చే వారం అదే కాగితం మళ్లీ తగిలించి ఇంకొక్క గుండు. మూడు రకాలకూ ఒకేసారి కుదరదు కాబట్టి శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, వారం మధ్యలో సాయంత్రం ఒకటి. ఆ మధ్యలో బారెల్ శుభ్రం చేసుకోవడం నా చాకిరీ. "జింక ముందు నీకు రెండో గుండు ఉండదు. వేడెక్కిన బారెల్ ఉండదు. బల్ల ఎవరు మోసుకొస్తారు? ఆ మొదటి గుండు ఎక్కడ పడుతుందో అదొక్కటే మనకు కావాలి" అన్నాడు.

పది వారాలు. ఎండలో, వానలో, ఆఫీసు చిరాకుతో, నిద్ర చాలక, అన్ని రకాలుగా కాల్చాను. ఆగస్టు చివరికి మూడు కాగితాలు పక్కపక్కన పరిచాం. బల్ల మీద మొదటి ర్యాంకు కొట్టిన 300 బోలుముక్కుది ఏడు మధ్యలో పడింది, మూడు ఎక్కడెక్కడో దూరంగా ఉన్నాయి. రాగి గుండు ఎనిమిది బాగా పడి, రెండు పైకి పోయాయి. 350 చదునుముక్కుది... బల్ల మీద ఎన్నడూ అగ్గిపెట్టెలో పట్టలేదు అది. కాగితం మీద మాత్రం పదికి పది చిన్న ఇడ్లీ అంత చోటులో ఉన్నాయి. ఎందుకలా అని అడిగితే ఆయన భుజాలెగరేశాడు. తుపాకీ బారెల్‌కూ గుండుకూ మధ్య పొత్తు ఎలా కుదురుతుందో లేతు పని చేసినవాడు కూడా పూర్తిగా చెప్పలేడట. పక్క తుపాకీకి ఇంకొకటి నచ్చవచ్చు. కాబట్టి నా 350 మీకు పనికొస్తుందని ఎవరికీ చెప్పను. ఆ పది వారాల పద్ధతి మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను.

వేగం సెకనుకు 1,850 అడుగుల దగ్గర తేలింది. దాని ప్రకారం వంద గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలు పైన తగిలేట్టు స్కోపు సరిచేశాం. అప్పుడు 130 గజాల దగ్గర సరిగ్గా నడిమికి, 150 దగ్గర రెండంగుళాలు కిందికి వస్తుంది. అంటే 150 గజాల దాకా లెక్క కట్టక్కర్లేదు. అయితే అది తుపాకీ హద్దు. నా హద్దు వేరే చూడాలన్నాడు. భోజనాలకు వాడే ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెం కర్రకు గుచ్చాడు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే. కూర్చుని కాలిస్తే వంద గజాల్లో అయిదుకు అయిదూ పళ్లెంలో పడ్డాయి. 125లో నాలుగు. ఆ అయిదోది నాకు కుంటుతూ పోయే జింకలా కనిపించింది. నా హద్దు వంద.

సీసం సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో మాంసం తినేది నేనూ, మా అమ్మాయీ. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో అన్నదాన కేంద్రాలకు వేటగాళ్లు ఇచ్చిన జింక మాంసంలో సీసపు తునకలు కనిపించాయని దాన్ని పారేయమన్నారు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు గుండ్లే నిషేధించింది. అక్కడి పెద్ద రాబందులు కాండోర్లు సీసం తగిలిన కళేబరాలు తిని చచ్చిపోవడం అందుకో ముఖ్య కారణం. వేగంగా పోయే సన్నగుండ్లతో పోలిస్తే మా లావుగుండ్లు నెమ్మది కాబట్టి తునకలు తక్కువే. అయినా తక్కువంటే లేనట్టు కాదు. రాగి గుండు పది వారాల పరీక్షలో నెగ్గి ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకునేవాణ్ని. నెగ్గలేదు. గాయం చుట్టూ బెత్తెడు మాంసం కోసి పారేయడం అప్పటికి నేను చేసుకున్న రాజీ. అది పూర్తి జవాబని నేననను.

2018 నవంబరు 26, సోమవారం. సీజను మొదటి రోజు. అదే చెట్టు. తుపాకీలో చట్టం ఒప్పుకున్న మూడే తూటాలు. ఈసారి తెల్లారగానే లేజర్‌తో ఆ రాయి ఎంత, ఈ మొద్దు ఎంత, అటు గట్టు ఎంత అని కొలిచి చీటీ రాసుకున్నాను. తొమ్మిదింటికి అటు గట్టున పెద్ద కొమ్ముల మగజింక వచ్చింది. అంత పెద్దది నేను అంతకుముందు చూడలేదు. పక్కకు తిరిగి, కదలకుండా, ఫోటోకు నిలబడ్డట్టు నిలబడింది. చీటీలో 150కి పైన ఉంది ఆ చోటు. తుపాకీ ఎత్తలేదు. గుండె మాత్రం చెవుల్లో కొట్టుకుంది. అయిదు నిమిషాలు మేసి దాని దారిన అది పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం వాగు ఇవతల ఆడజింక వచ్చింది. మొద్దు పక్కన. మొద్దు 74 గజాలు. ముందుకాలి వెనక మడత దగ్గర చూసి, ఊపిరి సగం వదిలి నొక్కాను. కళ్లు తెరిచే ఉన్నాయి. జింక ఎగిరి ముందుకు దూకింది. నలభై అడుగులు వేసి ఉంటుంది. ఆకుల చప్పుడు ఆగిపోయింది. చెప్పిన ప్రకారం నేను పావుగంట కదలకుండా కూర్చున్నాను. ఆ పావుగంటంత పొడుగు సమయం నా జీవితంలో ఇంకోటి లేదు. వెళ్లి చూస్తే పడి ఉంది. గుండు ఇటునుంచి అటు పోయింది. వెతకాల్సిన పని లేకుండా నెత్తురు దారి చూపించింది.

ఇంటికొచ్చేసరికి చీకటిపడింది. అమ్మాయి గుమ్మంలోనే ఉంది. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను. "ఎంత దూరం పరిగెత్తింది?" అంది. నలభై అడుగులన్నాను. అది మా హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి అడుగులేసి, తిరిగి మళ్లీ వేసి, లెక్కపెట్టి చూసుకుంది. మాంసం వాళ్లమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. వెనక వరండాలో గ్యాసు పొయ్యి మీద అల్లం, మిరియాలు వేసి వండుకున్నాం. పెద్దాయనకు ఒక గిన్నె పంపాను. కారం ఎక్కువైందని నీళ్లు తాగుతూనే రెండోసారి అడిగాడు.

ఆ పెట్టెలోని గుండ్లు నిరుడు అయిపోయాయి. అదే కంపెనీ, అదే 350 గ్రెయిన్లు, అదే పేరు చూసి కొత్త పెట్టె కొన్నాను. పెట్టె మీద లాట్ నంబరు మాత్రం వేరు. పెద్దాయనకు ఇప్పుడు కళ్లు సరిగా కనపడటం లేదు. పెట్టెను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ నంబరు చూసి, గోడ వంక చెయ్యి చూపించాడు. కొత్త కాగితం తగిలించాను. మొన్న శనివారానికి దాని మీద నాలుగు చిల్లులు పడ్డాయి. ఇంకా ఆరు వారాలుంది.